ఒక్క ఓటు – విజయ్ మర్చంట్

బడిలో క్రికెట్ జట్టును ఎంపిక చేసే రోజు వస్తే మా మధ్య ఒకటే వాదన. పెద్ద తరగతి అన్నలకు అనుభవం ఉందని కొందరం, చిన్న తరగతి తమ్ముళ్లకు చురుకుదనం ఉందని కొందరం అంటాం. ఉండేవి పదకొండు చోట్లే కాబట్టి ఎవరో ఒకరు బాధపడక తప్పదు. దేశం జట్టుకే ఈ చిక్కు వస్తే ఏం చేయాలో విజయ్ మర్చంట్ జీవితం మనకు చెబుతుంది.

ఆయన 1911 అక్టోబరు 12న బొంబాయిలో, బట్టల మిల్లులున్న సంపన్న కుటుంబంలో పుట్టారు. అసలు ఇంటిపేరు ఠాకర్సీ. బడిలో చేరినప్పుడు తండ్రి వృత్తినే ఇంటిపేరుగా రాసుకున్నారని, అలా మర్చంట్ అయ్యారని చెబుతారు. 1933లో ఇంగ్లాండుపై తొలి టెస్టు ఆడారు. 1936లో మాంచెస్టర్‌లో ముస్తాక్ అలీతో కలిసి తొలి వికెట్టుకు 203 పరుగులు జోడించారు. తరువాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. మంచి వయసంతా టెస్టులు లేకుండానే గడిచిపోయింది.

ఆయన ఆడినవి 10 టెస్టులే. చివరిది 1951 నవంబరులో ఢిల్లీలో జరిగింది. అప్పటికి ఆయనకు 40 ఏళ్లు. ఆ టెస్టులోనే 154 పరుగులు చేశారు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే! ఫీల్డింగ్ చేస్తూ భుజానికి గాయం కావడంతో ఆట ముగిసింది. వయసు మీరిందని ఎవరినీ తేలిగ్గా తీసేయకూడదనడానికి ఆయన జీవితమే సాక్ష్యం.

1960ల చివర్లో ఆయన జాతీయ సెలక్షన్ కమిటీ చైర్మన్ అయ్యారు. అప్పటికి మన జట్టు ఇంగ్లాండులో, ఆస్ట్రేలియాలో అన్ని టెస్టులూ ఓడి వచ్చింది. కొత్తవారు కావాలని మర్చంట్ గట్టిగా నమ్మారు. 1969లో సోల్కర్, చేతన్ చౌహాన్, మొహిందర్ అమర్‌నాథ్ వంటి కుర్రవాళ్లు జట్టులోకి వచ్చారు. కాన్పూరులో గుండప్ప విశ్వనాథ్ తొలి ఇన్నింగ్స్‌లో సున్నాకే అవుటై, రెండో ఇన్నింగ్స్‌లో 137 పరుగులు చేశారు. అందరూ ఇలా నిలవలేదు. అంబర్ రాయ్ 4 టెస్టులతో, అశోక్ గండోత్రా 2 టెస్టులతో ఆగిపోయారు.

అసలు పరీక్ష 1971 జనవరిలో వచ్చింది. వెస్టిండీస్ పర్యటనకు కెప్టెన్ ఎవరు? 21 ఏళ్లకే కెప్టెనై, 1968లో న్యూజిలాండ్‌లో మనకు విదేశీ గడ్డపై తొలి సిరీస్ గెలుపు తెచ్చిన మన్సూర్ అలీఖాన్ పటౌడీ ఒకవైపు, అజిత్ వాడేకర్ మరోవైపు. ఓట్లు సమానమయ్యాయి. మర్చంట్ తన నిర్ణాయక ఓటును వాడేకర్‌కు వేశారు. దేశమంతా దుమారం రేగింది. 1946లో మర్చంట్‌కు దక్కని కెప్టెన్ పదవి పటౌడీ తండ్రికి దక్కింది కాబట్టి ఇది పాత కక్ష అన్నవారూ ఉన్నారు. పటౌడీ ఆ పర్యటనకు వెళ్లలేదు.

కానీ ఆ జట్టు కుర్రవాళ్ల జట్టు మాత్రమే కాదు. 30 ఏళ్ల దిలీప్ సర్దేశాయ్, 36 ఏళ్ల సలీం దురానీ మళ్లీ వచ్చారు. హైదరాబాదు నుంచి సీనియర్ జయసింహ ఉన్నారు, కొత్త వికెట్ కీపర్ కృష్ణమూర్తి ఉన్నారు. కింగ్‌స్టన్‌లో 75 పరుగులకే 5 వికెట్లు పడినప్పుడు సర్దేశాయ్ 212 పరుగులు చేసి నిలబెట్టారు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో దురానీ సోబర్స్‌ను, లాయిడ్‌ను అవుట్ చేశారు. 21 ఏళ్ల సునీల్ గవాస్కర్ 4 టెస్టుల్లో 774 పరుగులు చేశారు. వెస్టిండీస్‌పై మనకు అదే తొలి టెస్టు గెలుపు, తొలి సిరీస్ గెలుపు. ఆ పర్యటనకు ఎంపిక కాని చంద్రశేఖర్‌ను ఇంగ్లాండుకు తీసుకున్నారు. ఓవల్‌లో ఆయన 38 పరుగులకే 6 వికెట్లు తీశారు. మన హైదరాబాదు ఆటగాడు ఆబిద్ అలీ గెలుపు పరుగులు కొట్టారు.

గెలిచాం కాబట్టి పటౌడీకి బాధ కలగలేదని మనం అనలేం. అయితే తలుపు మూసుకుపోలేదు. 1972–73లో ఆయన వాడేకర్ కెప్టెన్సీలోనే తిరిగి ఆడారు, తరువాత మళ్లీ కెప్టెన్ కూడా అయ్యారు.

మర్చంట్ అంధుల, వికలాంగుల సేవలో చాలా ఏళ్లు గడిపి, 1987 అక్టోబరు 27న బొంబాయిలో కన్నుమూశారు. ఆయన జీవితం నుంచి మనం నేర్చుకోవలసింది ఇదే: జట్టును ఎంచేటప్పుడు వయసును కాదు, అవసరాన్ని చూడాలి. కొత్తవాడికి సున్నా తరువాత కూడా ఇంకో అవకాశం ఇవ్వాలి. పాతవాడికి తిరిగి వచ్చే దారి ఉంచాలి. నిర్ణయం మనదైనప్పుడు నిందను కూడా మనమే మోయాలి.