సుద్దగీత



హృదయము కఠినపడుట యనగానే మనకు ఫరో జ్ఞాపకమునకు వచ్చును. మనము అట్టివారము కామని నెమ్మది పొందుదుము. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయము మాత్రము ఆ హెచ్చరికను ఫరోకు గాక సహోదరులకే చేయుచున్నది. ఒంగోలు క్లౌ దొరగారి చరిత్ర చదివినప్పుడు ఈ సంగతి నాకు బాగుగా తెలిసినది.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున పుట్టెను. భూములు కొలుచు పనిలో కొంతకాలముండి, పిమ్మట బర్లింగ్టన్ పట్టణపు కళాశాలలో చేరెను. అప్పటి కాయనకు దేవునియందు నమ్మిక లేదు. అదే గదిలో నుండిన విద్యార్థి ప్రార్థించుట ఆయనకు సరిపడలేదు. సుద్దముక్క తీసి గది నడుమ గీత గీసి, ప్రార్థన ఆ వైపుననే యుండవలెనని చెప్పెను. స్నేహితుడు ప్రార్థన మానలేదు. తుదకు ఆ గీత దాటి వచ్చి అతని ప్రక్కన మోకరించినది క్లౌయే!

1866లో దొరగారు భార్యతో ఒంగోలు చేరిరి. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘమేర్పడెను. పైకులములవారు తమ పిల్లలను బడికి పంపుచు స్నేహముగా నుండిరి. అయితే మాదిగవారు రక్షణ కోరి వచ్చునప్పటికి, వీరిని చేర్చుకొనిన యెడల తాము రామని తెగేసి చెప్పిరి. ఈసారి గీత గీయుమని అడిగినవారు ఇతరులు. దొరగారు కలతపడి బైబిలు తెరచిరి. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములో, ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొనిన సంగతి కంటబడెను. వేరొక చోట దొరసానిగారికిని అదే భాగము తగిలెను. ఇక వెనుకాడలేదు. మాదిగవారిని చేర్చుకొనిరి.

1876–78 కరవులో ఆయన బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకము కొంత గుత్తకు తీసుకొని వేలమందికి కూలి యిప్పించిరి. గింజల కొరకు వచ్చిరను మాట రాకుండ, ఆ దినములలో బాప్తిస్మము మాత్రమియ్యలేదు. ఇదియు కాఠిన్యమేనని అప్పుడు కొందరికి తోచియుండవచ్చును. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగిరి.

కరీంనగరు జిల్లాలో నేను కాపరిగా నున్న చిన్న గుడిలో సుద్దగీత లేదు, రెండు చాపలున్నవి. ప్రభురాత్రి భోజనమప్పుడు ఒక వాడ స్త్రీలు ఒకదాని మీదను, రెండవ వాడవారు మరియొకదాని మీదను కూర్చుందురు. ఎవరును చెప్పనక్కరలేదు. నేను వచ్చిన మొదటి యేడు అది చూచి, గిన్నె పట్టుకొన్న నా చేయి వణికెను. ఇప్పుడు వణకుట లేదు.

వచ్చు నెల మొదటి ఆదివారమునకు ఆ రెండు చాపలు తీసివేయుదమని సంఘ పెద్దలతో చెప్పియున్నాను. వారింకను బదులు చెప్పలేదు.