మందు చీటీలో కనిపించని పేరు

గర్భిణికి ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్-ఫోలిక్ మాత్ర, కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోమనే మెథోట్రెక్సేట్, బోదకాలు రాకుండా ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఈ మూడింటిలో ఒక్కటైనా చూడని ఇల్లు అరుదు. ఒకదానికొకటి సంబంధం లేని జబ్బులు. కానీ ఈ మందుల పుట్టుక వెతుక్కుంటూ వెళ్తే మూడు దారులూ ఒకే మనిషి నడిపిన ప్రయోగశాలకు చేరతాయి. ఆయన భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

చదువులో చిన్నప్పుడు ఆయనేమీ మెరవలేదు. మెట్రిక్ గట్టెక్కడానికే మూడుసార్లు రాయాల్సి వచ్చింది. మద్రాసు వైద్య కళాశాలలో చేరాక ఖద్దరు కట్టుకుని వెళ్లడం ఇంగ్లిష్ ప్రొఫెసరుకు నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ బదులు అంతకంటే తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. కొద్ది రోజుల తేడాతో ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ అనే జబ్బు తీసుకుపోయింది.

ఈ స్ప్రూ అనే మాట డచ్చి వాళ్లది. నోటిపూతకు వాళ్లు అనే పేరు. జావా దీవిలోని డచ్చి వైద్యులు వాడుతుండగా 1880లో ప్యాట్రిక్ మాన్సన్ దాన్ని ఇంగ్లిష్ వైద్యంలోకి తెచ్చారు. నోరు పూయడం పైకి కనిపించే లక్షణం మాత్రమే. అసలు చిక్కంతా పేగుల్లో ఉంటుంది. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గి మనిషి చిక్కిపోతాడు. ఇలాంటి లక్షణాలనే మన ఆయుర్వేదం గ్రహణి అంది. చిత్రమేమిటంటే గ్రహణి మొదట జబ్బు పేరు కాదు. ఆహారాన్ని పట్టి ఉంచి, అరిగాక కిందికి వదిలే పేగు భాగం పేరు. గ్రహించేది కాబట్టి గ్రహణి. అది చెడితే వచ్చే రోగానికీ ఆ పేరే నిలిచింది. నోటిని చూసి పెట్టిన డచ్చి పేరు కంటే ఇదే రోగం మూలానికి దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది.

సుబ్బారావునూ ఆ జబ్బు వదల్లేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డారు. ఆ తర్వాత ఆయుర్వేద కళాశాలలో పాఠాలు కూడా చెప్పారు. కానీ తనను బతికించినదేమిటో, తోబుట్టువులను చంపినదేమిటో తేల్చుకోవాలన్న పట్టుదల పోలేదు. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం అందుకుని అమెరికాలోని బోస్టన్ వెళ్లారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్లీ తిరిగి రాలేదు. అక్కడ పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రి పూట పోర్టరుగా పనిచేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలి రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి ప్రచురించారు. ఫాస్ఫరస్ అంటే గ్రీకులో వెలుగు మోసేది. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే మాట వైద్య విద్యార్థుల బయోకెమిస్ట్రీ పాఠాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆయన పేరు మిగిలిన కొద్ది చోట్లలో అదొకటి. 1929లో ఈ ఇద్దరే కండరాల్లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనుగొన్నారు. బైపీసీ పిల్లలు రోజూ వల్లించే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అదే. అడెన్ అంటే గ్రీకులో గ్రంథి. అందులోని అడినిన్‌ను మొదట క్లోమగ్రంథి నుంచి వేరు చేశారు కాబట్టి ఆ పేరు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు.

గర్భిణుల రక్తహీనతకు విరుగుడుగా పనిచేసే పదార్థమేదో ఆహారంలో ఉందని అప్పటికే బొంబాయిలో లూసీ విల్స్ చూపించారు. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు 4 టన్నుల పాలకూర నుంచి కాస్తంత పదార్థం తీసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. తెలుగులో ఆకు ఆమ్లం అనుకోవచ్చు. పాలకూర టన్నులతో మాత్రలు తయారు కావు కదా. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసే దారి 1945లో సుబ్బారావు బృందం కనిపెట్టింది. ఆ వెంటనే స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే రక్తం పుంజుకుంది. తన ఇంట్లో ఇద్దరిని మింగిన జబ్బుకు మందు ఆయన చేతుల మీదుగానే వచ్చింది, పాతికేళ్లు ఆలస్యంగా. ఇవాళ గర్భిణులకు ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. బిడ్డ వెన్నుపాము మొదటి నెలలోనే ఏర్పడుతుంది కాబట్టి, గర్భం కోసం చూస్తున్నప్పటి నుంచే డాక్టరు సలహాతో ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టడం మేలు.

ఆకు ఆమ్లం కణాలు పెరగడానికి కావాలి. మరి కేన్సర్ కణాలకు దాన్ని అందకుండా చేస్తే? సుబ్బారావు బృందం దాన్నే పోలిన నకిలీలను తయారు చేసింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. ప్టెరాన్ అంటే గ్రీకులో రెక్క. ఈ జాతి పదార్థాలు మొదట దొరికింది సీతాకోకచిలుక రెక్కల రంగులో. 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు దాన్ని ఇచ్చిన ఫలితాలు ప్రకటించారు. 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. లుకేమియా అంటే తెల్ల రక్తం అని అర్థం.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువే మెథోట్రెక్సేట్. కీళ్లవాతం ఉన్నవారికి వారంలో ఒక రోజు ఇది, వేరే రోజు ఫోలిక్ యాసిడ్ రాస్తారు. ఒకే చీటీలో ఆకు ఆమ్లమూ, దాని శత్రువూ! పొరపాటున మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు వాడుతుంటే వేసుకోవాల్సిన వారం పేరు స్ట్రిప్పు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

ఇక డీఈసీ. ఉమ్మడి నల్గొండ జిల్లాకు బోదకాలు కొత్త కాదు. ఫైలేరియా మాట లాటిన్ ఫైలమ్ నుంచి వచ్చింది, అంటే దారం. దారంలాంటి పురుగులు లింఫు నాళాల్లో చేరితే కాలు ఉబ్బుతుంది. వాటి పిల్లలు రాత్రిపూట రక్తంలోకి వస్తాయి కాబట్టే సిబ్బంది రాత్రి వచ్చి నెత్తురు చుక్క తీసుకుంటారు. ఆ పిల్లలను చంపే డీఈసీ 1947లో లెడర్లీ నుంచే వచ్చింది. ఒకసారి ఏనుగు కాలులా మారిన కాలును ఇది మామూలుగా చేయలేదు. అందుకే బాగున్నప్పుడే మింగాలి. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి మాత్రం ఇవ్వరు.

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరు మీద సుబ్బరోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టారు. స్ప్లెండెన్స్ అంటే లాటిన్‌లో మెరిసేది. మన తపాలా శాఖ 1995లో ఆయన బొమ్మతో స్టాంపు తెచ్చింది.