ఇమామ్ గజాలీ

ముళబాగిలు బడిలోనైనా, బాగ్దాదు మదరసాలోనైనా గురువుకు ఎదురయ్యే చిక్కు ఒకటే. తప్పు చేసిన పిల్లవాణ్ణి ఏం చేయాలి? దీన్ని గురించి లోతుగా ఆలోచించిన పండితుడు ఇమామ్ గజాలీ.

ఆయన 1058లో నేటి ఇరాన్‌లోని తూసు పట్టణంలో జన్మించారు. చిన్నప్పుడే తండ్రి పోవడంతో తండ్రి స్నేహితుని వద్ద పెరిగారు. ఆ డబ్బూ అయిపోయాక, తిండి పెట్టే మదరసాలో చేరారు. 1091లో బాగ్దాదు నిజామియా మదరసాలో ఆచార్యులయ్యారు. నాలుగేళ్లకే ఆ పదవి వదిలి దేశాలు తిరిగారు.

ఆయన 'ఇహ్యా' గ్రంథంలో పిల్లల పెంపకం గురించి కూడా రాశారు. మంచి పనిచేస్తే నలుగురిలో మెచ్చుకొని బహుమతి ఇవ్వాలి. మొదటి తప్పును చూసీచూడనట్లు వదలాలి. పిల్లవాడే దాన్ని దాచుకుంటే బయటపెట్టనే కూడదు. మళ్లీ చేస్తే చాటుగా మందలించాలి. బెత్తాన్ని ఆయన పూర్తిగా కాదనలేదు గాని, అస్తమానం తిడితే పిల్లవాడు తిట్లకు అలవాటు పడతాడన్నారు. బడి విడిచాక ఆడుకోనివ్వకపోతే బుద్ధి మొద్దుబారుతుందని హెచ్చరించారు. 1111లో తూసులోనే మరణించారు.