విట్‌బీ మఠాధిపతి హిల్డా

మేము వేదాంత కళాశాలలో చదివిన దినములలో విట్‌బీ మహాసభను గూర్చి పరీక్షలకు పలుమార్లు వ్రాసితిమి గాని, ఆ సభకు తన మఠములో చోటిచ్చిన తల్లిని గూర్చి తలంచినది బహు తక్కువ.

హిల్డా క్రీ.శ. 614లో ఉత్తర ఇంగ్లాండులోని నార్తంబ్రియా రాజవంశమున పుట్టెను. పసితనములోనే తండ్రి విషప్రయోగమునకు బలియయ్యెను. 627లో ఎడ్విన్ రాజుతో కూడ బాప్తిస్మము పొందెను. 33వ ఏట కన్యస్త్రీగా గాల్ దేశమునకు వెళ్లనుండగా, బిషప్పు ఐడన్ ఆమెను వెనుకకు పిలిపించెను. కొంతకాలము హార్ట్‌లెపూల్ మఠమును నడిపి, 657లో విట్‌బీ మఠమును స్థాపించెను.

అక్కడ పురుషులును స్త్రీలును ఆమె అధికారము క్రిందనే యుండిరి. ఆదిమ సంఘములోవలె ధనికుడుగాని దరిద్రుడుగాని లేకుండ సమస్తమును సమష్టిగా ఉంచుకొనిరి. వాక్యపఠనమును ఆమె ఎంత గట్టిగా నేర్పెననగా, ఆ మఠమునుండి అయిదుగురు బిషప్పులు లేచిరి. కేడ్మన్ అను పశువుల కాపరి, విందులో పాడవలసిన వంతు వచ్చుననగా సిగ్గుతో లేచిపోవువాడు. ఒక రాత్రి స్వప్నమున అతనికి పాట వచ్చెను. హిల్డా అతని పాట విని, మఠములో చేర్చుకొని, బైబిలు చరిత్ర నేర్పించెను. దానినతడు మాతృభాషలో పాటలుగా కట్టెను. కాపరి పాటకు చెవియొగ్గు మఠాధిపతులెందరు?

ఈస్టరు తేదీ తగవు ఎంత ముదిరెననగా, రాజైన ఓస్వియు ఐర్లాండు లెక్క చొప్పున పండుగ చేయుచుండగా, రోము లెక్క అనుసరించు రాణి ఇంకను మట్టల ఆదివారపు ఉపవాసములో ఉండుట కద్దు. 664లో సభ కూడినప్పుడు హిల్డా ఐర్లాండు పక్షమే. అది ఐడన్ నేర్పిన మార్గము. రాజు రోము పక్షమున తీర్పు చెప్పెను. బిషప్పు కోల్మన్ తనవారితో దేశము విడిచిపోయెను. హిల్డా పోలేదు; తన బిడ్డలను విడువక మఠములోనే నిలిచెను. అయితే గెలిచిన పక్షపు విల్‌ఫ్రిడ్ మీద తరువాత రోముకు ఫిర్యాదు పంపినవారిలో ఆమెయు ఉండెను. దీనిని దాచి వ్రాయుట మాకిష్టము లేదు.

కడపటి ఆరేండ్లు జ్వరపీడితురాలైనను బోధ మానలేదు. 680 నవంబరు 17న కన్యస్త్రీలను పిలిచి, సమాధానముగా ఉండుడని హెచ్చరించి కన్నుమూసెను. ఆ రాత్రియే హాక్‌నెస్ మఠములో బేగూ అను సహోదరి మరణఘంట వినినట్లై లేచి అందరిని లేపగా, వారు తెల్లవారువరకు ప్రార్థించిరని బీడ్ వ్రాసెను. ఉదయమున విట్‌బీ సహోదరులు కబురు తెచ్చినప్పుడు, తమకు ముందే తెలిసినదని వారు చెప్పిరట.