పలకల బరువెరిగిన గురుదేవులు

విద్య మూడవ కన్నని మన పెద్దల మాట. ఆ మూడవ కంటిని తెరిపించు తొందరలో బిడ్డల రెండు కన్నులకును నిద్ర కరవగుచున్నదా యను శంక నేటి తల్లిదండ్రులలో పలువురికి గలుగుచున్నది. తెల్లవారకమునుపే ట్యూషను, పగలంతయు బడి, సాయంకాలము మరల ట్యూషను, రాత్రి భోజనమైన పిదప ఇంటిపని. ఇది మన కాలముననే పుట్టిన బాధ యని తలచుట సరికాదు. దాదాపు నూటయేబది యేండ్లకు పూర్వము కలకత్తా నగరమందలి ఒక సంపన్న గృహమున ఒక బాలుడు ఇంతకు తీసిపోని భారమును మోసెను. ఆ బాలుడే పెరిగి పెద్దవాడై విశ్వకవి యనిపించుకొనెను. తాను మోసిన బరువును ఇతరుల బిడ్డలు మోయరాదని తన సొమ్మును సుఖమును ధారవోసి ఒక బడిని పెట్టెను. ఆ మహనీయుడే రవీంద్రనాథ ఠాకూరు.

రవీంద్రులు 1861వ సంవత్సరము మే 7వ తేదీన కలకత్తాలోని జోడాసాంకో భవనమున జన్మించిరి. తండ్రి దేవేంద్రనాథులు బ్రహ్మసమాజ నాయకులు, మహర్షి యని పేరొందినవారు. తల్లి శారదాదేవి. వారి సంతతిలో రవి పదునాల్గవవాడు. అన్న సోమేంద్రుడును, మేనల్లుడు సత్యప్రసాదుడును బండియెక్కి బడికి పోవుచుండగా చూచి, తానును పోవుదునని ఆ పసివాడు ఏడ్చెను. ఇంటి పంతులు చెంపపై ఒకటి వేసి, బడికి పోవుటకై నేడేడ్చినదానికంటె బడి మానుటకై మున్ముందు ఎక్కువ ఏడువవలసివచ్చునని హెచ్చరించెను. ఆ జోస్యము తప్పలేదు.

రవి మొదట చేరినది ఓరియంటల్ సెమినరీ యను పాఠశాల. పాఠమప్పగింపలేని బాలుని అచ్చట బల్లపై నిలువబెట్టి, చేతులు చాపించి, అరచేతులమీద తోడివారి పలకలను దొంతరగా పేర్చెడివారు. చదువు బరువను మాట ఆ బాలునకు అలంకారము కాదు. కన్నులార చూచిన సత్యము. ఆ బడిలో ఏమి నేర్చెనో ఆయన కంతగా జ్ఞాపకము లేదు గాని, ఉపాధ్యాయుని పద్ధతి మాత్రము బాగుగా పట్టువడెను. ఇంటికి వచ్చి వసారాలోని కొయ్య కటకటాలను తన శిష్యులుగా భావించి, మంచివి యివి, మొద్దులవి యని విభజించి, బెత్తము పుచ్చుకొని మొద్దులను బాదుచుండెడివాడు. పిల్లలు పాఠమును మరచినను పాఠము చెప్పినవాని కోపమును మరువరని దీనివలన తెలియుచున్నది.

పిమ్మట నార్మల్ స్కూలున చేరెను. అచ్చట తరగతులకు ముందు పిల్లలందరిచేతను ఒక ఇంగ్లీషు పాట పాడించెడివారు. దాని యర్థము పాడువారి కెవరికిని తెలియదు. పలుమార్లు నోటబడి మాటలు అరిగిపోయి, అది ఏ భాషయో గుర్తింపరాని స్థితికి వచ్చినది. ఒక ఉపాధ్యాయుని నోటి దురుసునకు రోసి రవి ఆయన ప్రశ్నలకు బదులు చెప్పుట మానెను; సంవత్సరమంతయు తరగతిలో కడపటి స్థానమున మౌనముగా కూర్చుండెను. సంవత్సరాంతమున మధుసూదన వాచస్పతి వంగభాషలో పరీక్ష జరుపగా అందరికంటె ఎక్కువ మార్కులు ఈ కడపటి బాలునికే వచ్చెను. ఆ ఉపాధ్యాయుడు పక్షపాతము జరిగినదని ఫిర్యాదు చేసెను. పాఠశాలాధికారి ఎదుట మరల పరీక్షింపగా మరల రవియే ప్రథముడయ్యెను. బడి మొద్దని ముద్రవేసిన బిడ్డ మొద్దు కానక్కరలేదు.

ఇక ఇంటి చదువు సంగతి. వేకువజామున ఒంటికంటి మల్లునితో కుస్తీ. ఒంటి దుమ్ము దులుపుకొనులోగా వైద్యవిద్యార్థి యొకడు వచ్చి మానవాస్థిపంజరమును చూపుచు ఎముకల పేళ్లు చెప్పును. పిదప నీలకమల ఘోషాల్ పంతులు గణితము, క్షేత్రగణితము, చరిత్ర, భూగోళము, మేఘనాదవధ కావ్యము బోధించును. స్నానము, భోజనము కాగానే పది గంటలనుండి నాలుగు గంటల వరకు బడి. బడినుండి రాగానే కసరత్తు, చిత్రలేఖనము. దీపములు పెట్టిన పిమ్మట అఘోరబాబు ఇంగ్లీషు పాఠము. ఆదివారము సంగీతము, విజ్ఞాన ప్రయోగములు. ఇవి చాలవన్నట్లు సంస్కృత వ్యాకరణము. ఇంగ్లీషు వాచకము తెరచుటయే తడవుగా బాలుర కన్నులు మూతలు పడుచుండెను. అఘోరబాబు ఆరోగ్యవంతుడు, ఒక్కనాడైనను రాక మానడు. ఒక సాయంకాలము కుండపోతగా వాన గురిసి వీధిలో మోకాలిలోతు నీరు పారుచుండగా, నేడు పంతులు రాడుగదా యని బాలురు ఆశపడిరి. అంతలో వీధి మలుపున ఆ చిరపరిచితమైన నల్లగొడుగు కనబడెను. పంతులు కర్తవ్యమును నెరవేర్చెను. పిల్లల ప్రాణము ఉసూరుమనెను. అతనిలో దోషము లేదు. దినములో ఒక్క గడియయైనను బిడ్డకు విడిచిపెట్టని ఏర్పాటుననే దోషము గలదు.

ఇంత చదువును ద్వేషించిన బాలుడు పుస్తకమును ద్వేషించెనా? లేదు. అన్నగారి బీరువాలోనుండి రాజేంద్రలాల మిత్రుని వివిధార్థసంగ్రహ సంపుటమును తీసికొని, సెలవుదినముల మధ్యాహ్నవేళ మంచముపై వెల్లకిల పండుకొని తిమింగిలముల వృత్తాంతము చదువుకొనెడివాడు. దీనబంధు మిత్రుని ప్రహసన మొకటి చదువుటకు వయసు చాలదని బంధువురా లొకతె దానిని పెట్టెలో పెట్టి తాళము వేయగా, ఆమె పేకాటలో మునిగియున్న సమయమున కొంగునకు కట్టిన తాళపుచెవి దొంగిలించి ఆ పుస్తకము చదివి ముగించెను. మొదటి వాచకము ఎదుట కునికిపాట్లు పడిన బాలుడే ఈ బాలుడు. తాను కోరుకొన్న పుస్తకమునకు నిద్ర యడ్డము రాలేదు.

1873లో ఉపనయనమైన పిమ్మట తండ్రి అతనిని తనవెంట బోల్పూరు, అమృతసరము, అటనుండి డల్హౌసీ కొండలకు గొనిపోయిరి. అచ్చట చదువు తేలికయని తలపరాదు. సూర్యోదయమునకు ముందే లేపి సంస్కృత శబ్దములు వల్లింపజేసిరి, మంచువంటి చన్నీట స్నానము చేయించిరి, ఇంగ్లీషు చెప్పిరి, రాత్రి ఆకాశమున నక్షత్రములను చూపి ఖగోళశాస్త్రము బోధించిరి. అయినను మధ్యాహ్నవేళ చేతికఱ్ఱ పుచ్చుకొని కొండలలో ఒంటరిగా తిరుగుటకు బాలునకు స్వేచ్ఛ యుండెను. చిల్లరపైకమిచ్చి లెక్క వ్రాయుమనిరి. తమ బంగారు గడియారమునకు తాళము త్రిప్పు పనిని అప్పగించిరి. బాలుడు అత్యుత్సాహముతో త్రిప్పి దానిని చెడగొట్టగా మందలింపక మరమ్మతునకు కలకత్తాకు పంపిరి. కొండలపై చదువు కలకత్తా చదువుకంటె కఠినమే. కాని అది బరువుగా తోచలేదు. ఏలయన, అందు బిడ్డయెడ నమ్మకము గలదు, బిడ్డకు తనదైన కాలమును గలదు. రవీంద్రుల విద్యావిధానమునకు బీజము ఇచ్చటనే పడినది.

కొండలనుండి దిగివచ్చిన బాలుడు నాలుగుగోడల నడుమ నిలువలేకపోయెను. 1875లో తల్లి మరణించెను. సెయింట్ జేవియర్ పాఠశాలలో ఒక క్రైస్తవ గురువు భుజముపై చేయి వేసి ఒంట్లో బాగున్నదా యని అడిగిన ఒక్క మాటను మాత్రము ఆయన జీవితాంతము స్మరించిరి. పాఠములు జ్ఞాపకము లేవు. ఆ చేయి జ్ఞాపకమున్నది. తుదకు బడి మానెను. ఇంట జ్ఞానచంద్ర భట్టాచార్య పంతులు పాఠ్యక్రమమును పక్కనబెట్టి కుమారసంభవము చదివించెను. మాక్‌బెత్ నాటకమును అర్థము చెప్పి వంగభాషలోనికి మార్పించెను. 1878లో ఇంగ్లండుపోయి, లండనులోని యూనివర్సిటీ కాలేజీలో కొంతకాలము చదివి, 1880లో పట్టము లేకయే తిరిగివచ్చెను. ఇంటివారి దృష్టిలో అతడొక పనికిమాలినవాడు.

అటుపిమ్మట రవీంద్రులు పద్మానదీతీరమున జమీందారీ వ్యవహారములు చూచుచు పల్లెల స్థితిగతులు తెలిసికొనిరి. 1892లో విద్యా విషయమున ఒక ప్రసిద్ధ వ్యాసము వ్రాసిరి. అందలి సారాంశమిది: పరభాషలో చదువుటచే బాలుని కాలము మాటలు నేర్చుటకే చెల్లిపోవును, భావము తెలియు నాటికి బాల్యము గతించును. అవసరమైన చదువునకు తోడుగా స్వేచ్ఛగా చదువుకొను చదువు కూడ లేనిచో మనసు ఎదుగదు.

వ్యాసము వ్రాసి ఊరకుండు స్వభావము కాదు వారిది. 1901వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన బోల్పూరువద్ద తండ్రిగారి ఆశ్రమమైన శాంతినికేతనమున అయిదుగురు బాలురతో పాఠశాల ప్రారంభించిరి. వారిలో ఒకడు తమ కుమారుడు రథీంద్రుడు. చెట్లనీడలో చాపలపై తరగతులు. ఋతువు మారినపుడు పండుగ. సాయంకాలము పాట, నాటకము. బాలుర తగవులను బాలురే తీర్చుకొనుట. మొదట జీతము పుచ్చుకొనలేదు. ఖర్చునకై పూరీలోని ఇల్లు అమ్మిరి. భార్య మృణాళినీదేవి తన నగలిచ్చెను. బడి పెట్టి యేడాది తిరుగకమునుపే, 1902లో ఆమె కన్నుమూసెను. 1903లో కుమార్తె రేణుక, 1905లో తండ్రి, 1907లో చిన్నకుమారుడు శమీంద్రుడు గతించిరి. ఇంట ఇన్ని దీపములు ఆరినను బడి దీపమును ఆరనీయలేదు.

లోకము వెంటనే మెచ్చలేదు. ఆటపాటలతో చదువేమి యని పలువురు సందేహించిరి. 1911-12 ప్రాంతమున తూర్పు బెంగాలు, అస్సాము ప్రభుత్వము తన ఉద్యోగుల బిడ్డలకు ఈ బడి తగినది కాదని రహస్యముగా ఉత్తరువు పంపెను. అంతకంటె పెద్ద చిక్కు తల్లిదండ్రులనుండి వచ్చెను. బిడ్డ పరీక్ష తప్పినచో ఉద్యోగమెట్లు వచ్చునని వారి భయము. అందుచే శాంతినికేతన బాలురును చివరి తరగతులలో కలకత్తా విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షకు సిద్ధపడవలసివచ్చెను. చెట్లక్రిందికి సైతము పరీక్ష వచ్చి కూర్చుండెను. ఈ రాజీ రవీంద్రులను బాధించెను. బడి గోడలను పడగొట్టుట సులభము. పెద్దల మనసులోని భయమును పడగొట్టుట కష్టమని ఆయన అనుభవము చాటుచున్నది.

1913లో నోబెల్ బహుమానము వచ్చెను. 1918లో ఒక చిలుక కథ వ్రాసిరి. రాజు పక్షికి చదువు చెప్పింప దలచును. బంగారు పంజరము సిద్ధమగును. గ్రంథములు కుప్పలుగా వ్రాయబడును. పండితులకు, పనివారికి, మేనల్లుండ్రకు లాభము కలుగును. పక్షి నోట ఆకులు కుక్కుదురు. పాట ఆగును, ప్రాణము పోవును. అందరి యోగక్షేమములు విచారింపబడినవి, పక్షిది తప్ప. 1921లో శాంతినికేతనము విశ్వభారతిగా వికసించెను. 1924లో పేద పల్లెబిడ్డలకై శిక్షాసత్రమను బడి పెట్టి, చేతిపనిని చదువుతో జతపరచిరి. 1930లో చిన్నపిల్లలకై నందలాల్ బోసు చిత్రములతో సహజపాఠమను వాచకమును వెలువరించిరి. మొదటి వాచకము ఎదుట తాను కునికిన సంగతి వారు మరువలేదు.

తెలుగునాటికిని గురుదేవులతో సంబంధము గలదు. 1919లో మదనపల్లె కళాశాలకు విచ్చేసి, జనగణమన గీతమును అచ్చటనే ఇంగ్లీషున అనువదించిరి. 1933లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఉపన్యసించిరి. శాంతినికేతనమున చదివిన బెజవాడ గోపాలరెడ్డిగారు వారి కృతులను తెనిగించిరి. బడి మానిన ఆ బాలునకు 1940లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము శాంతినికేతనమునకే వచ్చి డాక్టరు బిరుదమిచ్చెను. మరుసటి సంవత్సరము, 1941 ఆగస్టు 7వ తేదీన, జోడాసాంకో భవనముననే వారు పరమపదించిరి.

బిడ్డల బరువును గూర్చి పెద్దలు పలుమార్లు విచారణ జరిపిరి. 1993లో యశ్‌పాల్ సంఘము భారములేని చదువును గూర్చి ప్రభుత్వమునకు నివేదించెను. 2020లో కేంద్రప్రభుత్వము పుస్తకాల సంచి బిడ్డ బరువులో పదియవ వంతు మించరాదనియు, రెండవ తరగతి వరకు ఇంటిపని యుండరాదనియు విధానము ప్రకటించెను. సంచిని త్రాసులో తూచవచ్చును. బిడ్డ మనసుపై పేర్చిన పలకలను తూచు త్రాసు ఇంటిలోని తల్లిదండ్రుల చేతనే యున్నది. బిడ్డ శ్రమింపరాదని గురుదేవుల మతము కాదు. తెల్లవారుజామున సంస్కృతము వల్లించినవారే వారు. శ్రమకు అర్థముండవలెను, దినములో కొంత కాలము బిడ్డదై యుండవలెను. వారి జీవితమంతయు చెప్పినదింతే.

ఇరువదియైదేండ్ల పండుగ జరుపుకొను గ్రామ గ్రంథాలయమునకు ఇందొక కర్తవ్యము గలదు. ఇచ్చట అప్పగింత లేదు, మార్కులు లేవు, బెత్తము లేదు. బిడ్డ తన కిష్టమైన పుస్తకము తానే ఏరుకొనును. బడి విడిచిన పిమ్మట పిల్లలను ఒక గడియసేపు ఇచ్చటికి రానిచ్చి, ఏమి చదివితివని పరీక్షింపక యుండినచో చాలును. జోడాసాంకో బాలుడు ఆ గడియకొరకు తాళపుచెవి దొంగిలింపవలసివచ్చెను. మన బిడ్డల కా యవసరము రాకుండుగాక!