పని నడుమ విశ్రాంతి

చదువవలసిన భాగములు: మార్కు 6:30–32, నిర్గమకాండము 23:12

దూరపు సంతకు పోవు బండివాడు దారిలో చెరువుగట్టున ఆగి, కాడి దించి, ఎడ్లకు నీళ్లు పెట్టి కొంతసేపు చెట్టునీడను కట్టివేయును. దానిని సోమరితనమని ఎవరును అనరు. ఎద్దుకు మనమిచ్చు ఈ మాత్రపు నీడను మనకు మనము ఇచ్చుకొనుచున్నామా? మన విజయనగరములో జీవించిన ఒక పెద్దమనిషిని తలచుకొని ఈ నెల ఈ ప్రశ్న వేసికొందము.

గురజాడ అప్పారావు గారు 1862 సెప్టెంబరు 21వ తేదీన విశాఖపట్టణము సీమలోని రాయవరములో జన్మించిరి. చీపురుపల్లిలో బాల్యము గడిపి, విజయనగరములో చదువుకొని, 1886లో బి.ఏ. పరీక్షయందు కృతార్థులైరి. అక్కడి మహారాజా కళాశాలలోనే బోధకులై, ఆనంద గజపతి మహారాజు గారి ఆదరణ పొందిరి. పసిపిల్లలను డబ్బు తీసికొని ముసలివారికి కట్టబెట్టు దురాచారము మీద ఆయన వ్రాసిన ‘కన్యాశుల్కము’ నాటకము 1892లో ఆడబడి, 1897లో అచ్చుపడెను.

ఆ 1897లోనే మహారాజు గారు మరణించిరి. పిమ్మట అప్పారావు గారు మహారాజు గారి సోదరి రీవా మహారాణి గారి కొలువులో కార్యదర్శి అయిరి. ఎస్టేటు వారసత్వమును గూర్చిన దావా ఏండ్ల తరబడి సాగెను. ఆ వ్యవహారముల బరువు చాలవరకు ఆయన భుజముల మీదనే పడెను. ఆరోగ్యమా, తరచు చెడుచుండెను. కాగితముల కట్టలు పెరుగుచుండగా కవి కలము ఎక్కడ నిలుచును?

అయినను నిలిచినది. ‘కన్యాశుల్కము’ను ఆయన ఎంతో పెంచి, తిరిగి వ్రాసి, 1909లో రెండవ కూర్పుగా వెలువరించిరి. నేడు మనము చదువుచున్నది ఆ కూర్పే. దాని పీఠిక క్రింద ఉన్న ఊరి పేరు విజయనగరము కాదు, నీలగిరులలోని ఊటీ. తేదీ 1909 మే 1. మన సీమలో ఎండలు మండు కాలమున, 7,000 అడుగులకు పైనున్న ఆ చల్లని కొండ మీద ఆయన ఆ పని ముగించిరి. కొలువు చింతలు ఆయన వెంట కొండయెక్కి యుండవచ్చును. అయినను గాలి మారినది, కనుల ముందున్న దృశ్యము మారినది. మరుసటి యేడు 1910లో ‘ముత్యాల సరములు’, ‘దిద్దుబాటు’ కథ లోకమునకు వచ్చెను.

1913లో ఆయన ఉద్యోగము విరమించిరి. ఇక తీరిక దొరకవలసినదే. కాని 1914లో విద్యార్థులు వ్రాయవలసిన తెలుగు ఎట్టిదను వివాదమున మద్రాసు విశ్వవిద్యాలయమునకు దీర్ఘమైన అసమ్మతి పత్రము వ్రాయవలసి వచ్చెను. 1915 నవంబరు 30న, 53 ఏండ్ల ప్రాయమున ఆయన కన్నుమూసిరి. ఆ మరణమునకు పనియే కారణమని మేము చెప్పబోము. ఉద్యోగము విడిచిన తరువాత ఆయనకు మిగిలినది మూడేండ్లయినను లేదని మాత్రము చెప్పుదుము.

మనలో అనేకులు విశ్రాంతిని పింఛను నాటికి దాచుకొనుచున్నాము. పిల్ల పెండ్లి కానిమ్ము, అప్పు తీరనిమ్ము, అప్పుడు కూర్చుందమందుము. ఆ దినము మన చేతిలో ఉన్నదా? దేవుడు విశ్రాంతిని బ్రదుకు చివర పెట్టలేదు, ప్రతి వారములోను పెట్టెను. ఎద్దును, గాడిదను, దాసి కుమారుని సహితము ఆ ఆజ్ఞలో చేర్చెను. సేవ ముగించి వచ్చిన శిష్యులకు భోజనము చేయుటకైనను తీరిక లేకుండుట చూచి, ప్రభువు వారిని ఏకాంత స్థలమునకు రమ్మనెను. జనులు ఇంకను వచ్చుచునే యుండిరి, పని తీరలేదు. అయినను రమ్మనెను.

ఇంకొక మాట. ఆదివారము మగవారు ఆరాధన ముగించి పడక కుర్చీలో వాలుదురు. ఆ పూటనే మన ఇండ్లలో ఆడవారికి వంట రెట్టింపగును. ఎద్దును సహితము మరువని ఆజ్ఞ వారిని మరచునా? వచ్చే ఆదివారము ఒక కూరతో సరిపెట్టుకొని, గిన్నెలు మనమే కడిగి, ఇంటి వారందరు ఒక్కసారిగా కూర్చుందము. వారము నడుమను ఒక సాయంకాలము కాగితములు కట్టిపెట్టి, చెరువుగట్టు వరకు నడచి వత్తము.

కాడి దించిన ఎద్దే మరునాడు నిండుగా లాగును. తీరిక దొరికినప్పుడు కాదు, తీరిక చేసికొని విశ్రమించు జ్ఞానమును ప్రభువు మనకందరికి దయచేయును గాక.