ఆచార్య రంగా గారు

తెనాలి నుండి బాపట్లకు పోవు రైలుమార్గమున నిడుబ్రోలు గలదు. నేడది పొన్నూరు పట్టణమున కలిసియున్నది. 1900 నవంబరు 7వ తేదీన గోగినేని రంగనాయకులు గారు ఆ గ్రామమున ఒక రైతుకుటుంబమునందు జన్మించిరి. స్వగ్రామమునను, గుంటూరునందును చదివి, పిదప ఇంగ్లండునకేగి, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము నభ్యసించి, 1926లో బి.లిట్. పట్టమును పొందిరి.

సీమకు పోయిన మనవారిలో పలువురు బారిష్టరు గౌనుతో తిరిగివచ్చుచుండిన కాలమది. రంగా గారి దృష్టి పల్లెల జమాఖర్చులపై నిలిచెను. భారత గ్రామముల ఆర్థికవ్యవస్థను గూర్చి ఆంగ్లమున వారు రచించిన రెండు సంపుటములలో మొదటిది డెల్టా గ్రామములకు సంబంధించినది. చేనేతవారి స్థితిగతులపైనను ప్రత్యేకముగా ఒక గ్రంథము వ్రాసిరి. మదరాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రాచార్యులైరి. ఆచార్య శబ్దము అప్పటినుండి వారి పేరును విడువలేదు.

ఇంతలో గడ్డుదినములు వచ్చెను. 1929 తరువాత ప్రపంచమంతట వ్యాపించిన ఆర్థికమాంద్యమున ధాన్యపు ధర పడిపోయెను. అదే సమయమున దొరతనమువారు రీసెటిల్మెంటు పేరిట కృష్ణా, గోదావరి డెల్టాలలో శిస్తును నూటికి 18¾ వంతున, అనగా రూపాయికి 3 అణాల చొప్పున, హెచ్చింపబూనిరి. అమ్మిన పంట సొమ్ములో విత్తనము, కూలి, ఎడ్లమేత, అప్పుపై వడ్డీ, శిస్తు పోగా ఇంటికి మిగులునదెంత? తెనాలి, రేపల్లె, బాపట్ల తాలూకాల రైతులకు ఇది గ్రంథములలోని ప్రశ్న గాదు. శిస్తు హెచ్చింపును ఎదిరించినవారిలో రంగా గారు ముందు నిలిచిరి. 1930లో కేంద్ర శాసనసభకు ఎన్నికైరి. 1931లో వెంకటగిరి జమీను రైతుల ఆందోళనకు నాయకత్వము వహించిరి.

1930వ దశకమున వారు నిడుబ్రోలునందు రైతు విద్యాలయమును స్థాపించి, అర్థశాస్త్రమును, రాజకీయములను రైతుల ముంగిటికి తెచ్చిరి. గురువు చెప్పుట, శిష్యుడు తలయూపుట అను పద్ధతి అట్టిచోట చెల్లదు. ముప్పది కారులు పండించినవానికి సేద్యపు ఖర్చు బోధింపబూనుట సాహసమే గదా! రైతు తన లెక్క తాను చెప్పవలెను. ఆ లెక్కకు కారణములను శాస్త్రము చూపవలెను. ఇరువురును ఒకరి మాట నొకరు మన్నింపవలెను. శ్రీకాకుళ ప్రాంతమునకు చెందిన గౌతు లచ్చన్న గారు రంగా గారి శిష్యులలో ప్రముఖులు.

1936లో లక్నోలో అఖిలభారత కిసాన్ సభ ఏర్పడినపుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులుగను, రంగా గారు ప్రధాన కార్యదర్శిగను ఎన్నికైరి. సోషలిస్టులు, కమ్యూనిస్టులు అందు కలిసి పనిచేసిరి. మహాయుద్ధకాలమున దారులు వేరయ్యెను. భూమిగల రైతుపక్షమే వహించి, భూమిలేని కూలీని వెనుకకు నెట్టిరని రంగా గారిపై విమర్శ గలదు. అది తోసివేయదగినది కాదు. డెల్టా వరిచేలలో నాటు, కోత కూలీల చేతిమీదుగనే జరుగునుగదా. రంగా గారు రైతును, కూలీని ఒక జతగా భావించి రైతు-కూలీ రాజ్యమును కోరిరి. దానిపై మహాత్మునితో తాము జరిపిన చర్చలను బాపు బ్లెస్సెస్ అను ఆంగ్ల గ్రంథమున వెల్లడించిరి. పూజ్యుడైన వ్యక్తి ఎదుట తమ సందేహమును దాచుకొనక నిలిపిన తీరు గమనింపదగినది. అయినను కూలిరేటు వద్ద ఆ జత ఎట్లు నిలుచునను ప్రశ్న మాత్రము తీరలేదు.

1957లో తెనాలి నియోజకవర్గమునుండి లోక్‌సభకు కాంగ్రెసు పక్షమున ఎన్నికైరి. 1959లో నాగపూరు కాంగ్రెసు ఉమ్మడి సహకార సేద్యమును తీర్మానింపగా, రైతు తన కమతముపై హక్కును కోల్పోవునని శంకించి, పక్షమును వీడి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీని నెలకొల్పి దానికి అధ్యక్షులైరి. అధికారపక్షమున నుండి అట్లు వెలుపలికి వచ్చుట లాభసాటి బేరము కాదు. 1967లో శ్రీకాకుళము వారిని లోక్‌సభకు పంపెను. తరువాత మరల కాంగ్రెసున చేరి, 1980 మొదలు గుంటూరునుండి ఎన్నికగుచు వచ్చిరి. 1991లో పద్మవిభూషణ బిరుదము లభించెను.

1995 జూన్ 9వ తేదీన ఆచార్యులు కీర్తిశేషులైరి. పిదప రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టబడెను. 1945లో స్థాపితమైన బాపట్ల వ్యవసాయ కళాశాల దానికి చెందినదే. నిడుబ్రోలు నుండి అచటికి రైలుపై కొలది దూరమే.